వానొస్తే బకెట్ ఎక్కడ పెడతారు?

పెద్దన్నయ్యకు,

చెల్లెలు శారద దణ్ణం పెట్టి రాస్తోంది. నువ్వూ వదినా పిల్లలూ బాగున్నారా? వదిన నడుం నొప్పి తగ్గిందా? మేమిద్దరం బాగానే ఉన్నాం, బెంగపడకు. ఫోన్‌లో చెబితే మధ్యలో నువ్వే మాట్లాడేస్తావు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మా షెడ్డు పూర్తయిందన్నయ్యా! సింగరాయకొండ వదిలి, కారం మిల్లు పెట్టుకుందామని ఈ సత్తెనపల్లి పక్క పల్లెకు వచ్చామా, ఇక్కడి పాత షెడ్డు రేకులన్నీ చిల్లులే. మిరపకాయలు తడిస్తే బూజు పడుతుంది. మొదటి ఏడే బూజు కారం అమ్మారన్న పేరొస్తే ఇంక మూటాముల్లె సర్దుకోవడమే. చూస్తే వానలు దగ్గరికొచ్చేశాయి.

టౌన్లో రేకులమ్మే ఒకాయన ఉన్నాడు, బిగించే మనుషుల్ని కూడా తనే పంపుతాడు. ఎంత తియ్యగా మాట్లాడాడో! మీ బావగారు అక్కడికక్కడే అడ్వాన్సు తియ్యబోయారు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన కప్పిన షెడ్లు చూశాకే ఇద్దామన్నాను.

చూడ్డానికి వెళ్తే ఎవర్నడిగినా ఒకటే మాట, "మంచోడేనండీ." ఒక ఇంట్లో పెద్దావిడ కాఫీ ఇచ్చింది. తాగుతుంటే పక్కనే వసారా మధ్యలో ఒక బకెట్ కనపడింది.

"ఇదేంటండీ, ఇక్కడ పెట్టారు?"

"వానొస్తే కారేది అక్కడే గదమ్మా."

"మరి మంచోడన్నారు?"

"మనిషి మంచోడేనమ్మా. రేకులే కారతాయి!"

కాఫీ పొలమారింది నాకు. అప్పటినుంచి ఎలాంటివాడని అడగడం మానేశాను. లోపలికెళ్ళగానే, "వానొస్తే బకెట్ ఎక్కడ పెడతారండీ?" అంటాను. పాపం, ఆలోచించకుండా చూపించేస్తారు. ఆయన కప్పిన ఇళ్ళల్లో బకెట్ లేని ఇల్లు లేదు.

ఈ పల్లెలోనే ఇంకొకాయన రేకులమ్ముతాడు. ఆయన గురించడిగితే అందరూ మొహం చిట్లించారు. "అబ్బో, నోరు మంచిది కాదండీ." కానీ ఆయన కప్పిన ఇళ్ళల్లో బకెట్ సంగతి అడిగితే, "బకెట్టా? ఏం బకెట్టు?" అని నన్నే వింతగా చూశారు. పని ఆయనకే ఇచ్చాం. వస్తూనే కేకలు, "ఏమ్మా, నా షెడ్లన్నీ తిరిగి బకెట్లు వెతికారంట! నన్నడిగితే నేనే తీసుకెళ్ళి చూపించేవోణ్ణి గదా!" పని చేసినన్నాళ్ళూ అందర్నీ తిడుతూనే ఉన్నాడు. ఒక్క రేకు వంకరగా పడిందని విప్పించి మళ్ళీ బిగించాడు.

నిన్న మధ్యాహ్నం వాన దంచికొట్టింది. మీ బావగారు నవ్వుకుంటూ బస్తాల మధ్య బకెట్ పెట్టి, "ఊరందర్నీ అడిగావుగా, ఇప్పుడు నీ వంతు," అన్నారు. వాన తగ్గేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. చెయ్యి పెట్టి తడిమితే అడుగున కారం దుమ్మే. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పెద్దగా అరిచేశాను.

మొదట్లో పలకరించే దిక్కులేక ఏడుపొచ్చేది. నేను ఎవరికైనా "సింగరాయకొండ ఆవిడ"నే. ఇప్పుడు పిల్లలు కూడా "బకెట్ పిన్నిగారూ" అంటున్నారు. తిండికీ లోటు లేదు, మిల్లులో కారం ఘాటుకి తుమ్ములకీ లోటు లేదు. వదిన పెట్టిన చింతకాయ పచ్చడి ఎవరైనా ఇటొస్తే పంపించు.

పెద్దలందరికీ నా దణ్ణాలు, పిల్లలకు ముద్దులు. మీ దీవెనలుంటే చాలు.

నీ చెల్లెలు,
శారద

మరిచాను. మేడ మీద గదికి రేకుల పని నీ స్నేహితుడికే ఇస్తున్నావటగా, చాలా మంచోడని. మన వంటింటి కప్పు వేసింది ఆయనే కదా. పొయ్యి పక్కన వదిన బకెట్ ఎందుకు పెడుతుందో ఒకసారి అడుగన్నయ్యా.