శాంతమ్మ చేతులు

మార్చి, శుక్రవారం రాత్రి

పాపను భూస్థాపన చేసి వచ్చాం. శాంతమ్మ మనవరాలు, నాలుగేళ్ళది, నా సండేస్కూలు పిల్ల. జ్వరం వారం కూడా ఉండలేదు.

కబురు వెళ్ళేసరికి శాంతమ్మ మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతోందట. పరుగున వచ్చింది. పెట్టె మూసే ముందు, "ఒక్కసారి ముఖం తడుముకో శాంతమ్మా" అన్నాను. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఎంత కడిగినా కారం పోలేదమ్మగారూ. పసిదానికి మండుద్ది."

ఇంక మండదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమె వంగి, పాప ముఖం మీద మెల్లగా ఊదింది. నుదుటి మీది వెంట్రుకలు కదిలాయి. ఒక్క క్షణం అక్కడున్న ఆడవాళ్ళందరం ఊపిరి బిగబట్టాం...

తిరిగి వస్తుంటే దారికి రెండువైపులా కల్లాలు సాయంత్రపు ఎండలో ఎర్రగా వెలిగిపోతున్నాయి. ఎంత బాగుందో అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గేసింది. దేవుడు సృష్టినంతా చక్కగా చేశాడని ప్రతి ఆదివారం చర్చిలో చెప్పే మా ఆయన, కల్లాల వైపు తల తిప్పకుండా బండి నడిపాడు.

కళ్ళు మూసుకుంటే ఆ వెంట్రుకలే కదులుతున్నాయి.

ప్రభువా, సమాధి నుంచి లేచాక కూడా నీ చేతుల్లోని మేకుల గాయాలు మాన్పుకోలేదు నువ్వు. నువ్వు లేచావా అని అనుమానపడ్డ శిష్యుణ్ణి వాటిలో వేలు పెట్టి చూడమన్నావు. అవెంత అందమైన గాయాలో అని మేం పాటలు పాడుకుంటాం. అతను వేలు పెట్టినప్పుడు నీకు మండిందా?

మండిందనే చెప్పు. రేపు శాంతమ్మకు చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.