ముల్లు కదలని గాలివాన

చిరంజీవి మేనల్లుడికి,
రేవు నుంచి మామయ్య దీవెనలు. కొంప మునిగిందిరా! సముద్రం అడుగున మీటరు దింపి, నా కాపలా గదిలో ముల్లు బిగించి, "పైనుంచి అల పోతే నీటి బరువు పెరిగి ముల్లు లేస్తుంది" అన్నావే, అది చచ్చింది. నిన్న గాలివానకి అలలు గట్టెక్కాయి, నా గొడుగు ఎగిరింది (మీ తాతదే, పిడి మాత్రం ఆయనది, తక్కినదంతా మార్చాం), ముల్లు కునుకు తీసింది. మీ ఆఫీసు పెద్దసారేమో కునుకు నాదేనంటున్నాడు!
ఇట్లు, మామయ్య
తా.క. మీ అత్తయ్య అరుపులకి కిటికీలు అదిరాయి. ముల్లు దానికీ కదల్లేదు.

మామయ్యకి నమస్కారాలు.
మీటరు బాగానే ఉంది. గాలికి లేచేవి ఎంత ఎత్తున్నా పొట్టి అలలే, ఒక అల తలకీ వెనకదాని తలకీ మధ్య దూరం తక్కువ; ఆ దూరమే అల పొడుగు. అల పొడుగులో సగం లోతుకి వెళ్ళేసరికి దాని ఒత్తిడి ఆరిపోతుంది. మన మీటరు ఇంకా కింద ఉంది. దూరం నుంచొచ్చే పొడుగాటి అల పైకి కనపడదు, అడుగుని మాత్రం నొక్కుతుంది. పైన గోలకి భయపడకు. పైన నిమ్మళంగా ఉండి అడుగున కదిలిందా, గంట కొట్టి పడవలు ఒడ్డెక్కించు.
నీ మేనల్లుడు
తా.క. ఈసారి పొరపాటైతే నీ కుర్చీ ఇంకొకరికిస్తానన్నాడు పెద్దసారు.

చిరంజీవికి,
ఎంత మాట చెప్పావురా! ఇన్నేళ్ళ కాపురంలో నాకు తట్టలేదు. మీ అత్తయ్య అరుపులు పొట్టి అలలు. కానీ మొన్నటి నుంచి పల్లెత్తు మాట లేదు. కూర బాగాలేదంటే నవ్వింది. నవ్విందిరా! ఒళ్ళు జలదరించి, సంచీ సర్దుకుని గుట్ట మీద మీ అమ్మ దగ్గరికి చేరాను.
ఇట్లు, మామయ్య
తా.క. ముల్లంటావా, సముద్రం అద్దంలా ఉంది. చూడ్డానికేముంది?

మామయ్యా!
నేను చెప్పింది సముద్రం గురించి! అద్దంలా ఉన్నప్పుడే ముల్లు చూడాలి! ముందు గుట్ట దిగు!
మేనల్లుడు
తా.క. అమ్మకి నమస్కారాలు.

చిరంజీవికి,
నీ ఉత్తరం అందేసరికే అంతా అయిపోయింది. ఖాళీ కుర్చీ ముందు ముల్లు లేచి, పడి, మళ్ళీ లేచిందట. మీ అత్తయ్య గంట కొట్టింది. నిమ్మళంగా ఉన్న నీళ్ళు చూసి నవ్వినవాళ్ళని ఆ గొంతుతోనే తరిమి పడవలు లాగించింది. ఆ వెనకే వచ్చిన అల గట్టు చెక్కలన్నీ ఊడదీసుకుపోయింది. ఒక్క పడవకీ, ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు.
"నీకెలా తెలుసే?" అని నోరు వెళ్ళబెట్టాను.
"మీ మేనల్లుడి ఉత్తరాలు మీకంటే ముందు నేనే చదువుతాను. అరుస్తుంటే ముల్లు మీద చూపు నిలవడంలేదని నోరు మూసుకున్నాను. దానికే ఇల్లొదిలి పారిపోవాలా?" అంది.
కుర్చీ ఇప్పుడు ఆవిడది. వంట నాది.
ఇట్లు, మామయ్య
తా.క. ఇవాళ నా చేతి కూర తిని మీ అత్తయ్య ఏమీ అనలేదు. నవ్వింది. ఇప్పుడు గంట ఎవరు కొట్టాలిరా?