క్రష్ అంటే ఏమని చెప్పాను

లింబాయత్, సూరత్
3 నవంబర్ 2025, సోమవారం

చిరంజీవి రుచితకు,

అక్క సంధ్యారాణి దీవించి రాయునది. అమ్మ, బాపు, నేను క్షేమం. చిన్నవ్వ కాలి నొప్పి తగ్గిందని, నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. దీపావళి సెలవులకు ఆమెకు సాయంగా సిరిసిల్ల వెళ్తూ నువ్వు ఫోన్ ఇక్కడే వదిలేశావు. చిన్నవ్వ ఫోన్‌కు చేద్దామంటే బాపు పక్కనే కూర్చుంటున్నాడు. అందుకే పక్కింటి ఐలమ్మత్త చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఈ మధ్యాహ్నం రైలుకు ఆమె ఊరికి బయలుదేరుతోంది. చిన్నవ్వ ముందు చదవకు.

పోయిన మంగళవారం పొద్దున బాపు మగ్గాల షెడ్డు నుంచి వచ్చి నీ ఫోన్ పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. నీ క్లాసు కోమలి పంపిన ఫొటో అందులో ఉంది. మార్కండేయ జయంతి ఊరేగింపులో శివకృష్ణ డప్పుల ముందు ఆడుతున్న ఫొటో. దాని కింద మీ ఇద్దరి ఇంగ్లీషు మాటలు. కరెంటు బిల్లు నుంచి దవాఖాన చీటీ దాకా మనింట్లో ఏ కాగితమైనా నా దగ్గరికే వస్తుంది కదా. నేను ఏం చదివితే అందులో అదే ఉన్నట్టు.

నువ్వు అతన్ని క్రష్ అన్నావు.

“క్రష్ అంటే ఏందే?” అన్నాడు బాపు. మనసు పడటం అన్నాను. “అంటే, చేసుకుంటదా?” అన్నాడు. నేను ఆలోచిస్తుండగానే ఆయన తన జవాబు తానే చెప్పుకున్నాడు.

నాకు తెలిసినంతలో అది చాలా చిన్న మాట, రుచీ. ఎవరో కనబడితే ఆ రోజంతా బాగుంటుంది. వాళ్లకు మన పేరు తెలియనక్కరలేదు, తెలిస్తేనే సిగ్గు. కాలేజీలో మేం పాఠం చెప్పే సారును కూడా అలాగే అనేవాళ్లం, వారం తిరక్కుండా మరచిపోయేవాళ్లం. మనవాళ్లలో మాత్రం ఆడపిల్ల ఒకతని పేరు ఎత్తిందంటే ముందు వరుస చూస్తారు. కుదిరితే లగ్నం, కుదరకపోతే గొడవ. మధ్యలో ఇంకేమీ లేదు.

శివకృష్ణతో వరుస కుదిరింది. బాపు కోప్పడినా బాగుండేది, ఆయన సంతోషపడ్డాడు. ఆ సాయంత్రమే తన షెడ్డు యజమాని రాజమౌళి, అంటే శివకృష్ణ తండ్రి, ఇంటికి వెళ్లాడు. శుక్రవారం వాళ్లు వచ్చి కుడుకలు, చక్కెర ఇచ్చి మాట ఖాయం చేసుకున్నారు. శివకృష్ణ తల్లి పద్మారాణి నన్ను చూసి, “అక్క టేసన్లనే నిలబడ్డది, చెల్లె బండెక్కింది” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

శివకృష్ణ నవ్వలేదు. ఆ ఫోన్ ఇక పిల్ల చేతికి ఇవ్వొద్దని మాత్రం చెప్పాడు. బాపు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

బారవీ, అదే పన్నెండో తరగతి, పరీక్షలయ్యేదాకా ఆగుదామని అమ్మ అంది. పిల్లకు పద్దెనిమిది నిండలేదని నేనన్నాను. “అందుకే గదా, గీడ చేస్తలేం” అన్నాడు రాజమౌళి మెల్లగా. ఊళ్లో చిన్నవ్వ ఇంటి ముందు పందిరి వేస్తే ఎవరూ అడగరట. బాపూ వాళ్లూ గురువారం అక్కడికి చేరతారు. పుస్తెమట్టెలు కొన్నారు. ముందే చెప్పొద్దు, చూసి సంబరపడుతుంది అంటున్నాడు బాపు. చిన్నవ్వకు తెలుసు. రెండు రోజులుగా ఆమె నిన్ను గడప దాటనివ్వడం లేదంటే కారణం అదే.

గురువారం లోపు ఎలాగైనా మీ వీధి చివరి బడికి వెళ్లు. అక్కడి టీచర్ స్వరాజ్యం గారిని కలిసి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయమని అడుగు. నీ పుట్టిన తేదీ ఉన్న స్కూలు సర్టిఫికెట్ నకలు ఇందులో పెట్టాను.

ఇట్లు,
నీ అక్క
సంధ్యారాణి

తా.క.: బాపు తానే జవాబు చెప్పుకున్నాడని పైన రాశాను. అది అబద్ధం. చేసుకుంటుందని చెప్పింది నేను. నువ్వు కోమలికి రాసినవి రెండు వాక్యాలు. అతను నా క్రష్ అన్నది మొదటిది. అంతకుమించి ఏమీ లేదు, నేను నర్సింగ్ చదవాలి అన్నది రెండోది. రెండోది నేను బాపుకు చదవలేదు. దసరా నుంచి శివకృష్ణ ఇంటివాళ్లు సంబంధం అడుగుతున్నది నన్ను. బాపుకు టిఫిన్ తీసుకెళ్లినప్పుడు, మగ్గం ఆగిందని ముసలి సోమలింగం తాతను శివకృష్ణ బెల్టుతో కొట్టడం చూశాను. ఎలా తప్పించుకోవాలా అని నేను చూస్తున్న రోజుల్లోనే బాపు నీ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. బాపు అక్కడికి వచ్చాక ఈ ఉత్తరం స్వరాజ్యం గారిచేత ఆయనకు చదివించు. అలవాటు కొద్దీ, నాచేత చదివించుకుందామని మడిచి జేబులో పెట్టుకోబోతాడు. పెట్టుకోనివ్వకు.