అవ్వ తుంటిల ఇనుప గుండు

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది.

మొన్న ఎండకాలం అవ్వ జారిపడి తుంటి విరిగింది. పట్నం దవాఖానల విరిగిన బొక్క తీసి ఇనుప గుండు పెట్టిండ్రు. "ముసలామె, ఎక్కువ నడువది. బతికినన్నాళ్లు ఆగుతది" అన్నడు డాక్టరు.

నీ తుంటి పాడైనప్పుడు గా డాక్టరే, "వయసు పిల్లగానివి, గొర్లెంబడి తిరిగితే గుండు జల్ది అరుగుతది. ముసలోనివైనంక రా" అన్నడు. సరేనని మర్రిగూడకు తిరిగొచ్చినవు. వాగు పొంగిన నాడు గొర్లన్నీ ఒడ్డెక్కినయి. నువ్వు కుంటుకుంట ఎక్కలేకపోయినవు.

ఇప్పుడు అవ్వ దినాం నీ కట్టె పట్టుకొని గొర్లెంబడి గుట్టకు పోతాంది. "గుండు అరుగుతదే అవ్వా, జర ఇంట్ల కూసో" అని బతిమాలిన.

"అరగనీ బిడ్డా. అరుగుతదనే గద నా మనుమనికి పెట్టకపోయిరి" అన్నది.