నేనే రాసుకున్న దీవెన

9 నవంబరు 2024, శనివారం, ఉదయం
దమ్మపేట దాటాక, జీడిమామిడి తోట

నా బంగారు అమ్మకు,

పొద్దున కళ్లు తెరిచేసరికి గుడారంలో నాన్న లేడు. బయటికి వచ్చి చూస్తే, వాగు ఒడ్డున ముందుకు చొచ్చుకొచ్చిన పెద్ద బండ కింద నిలబడి ఉన్నాడు. కర్రతో దాని అడుగుభాగాన్ని టక్కుటక్కున కొడుతూ చెవి ఒగ్గి వింటున్నాడు. తోట యజమాని లచ్చయ్య తాత అప్పుడే ఆ బండ కింద పొయ్యి పెడుతున్నాడు.

"ఏంది జంపయ్యా, కొడితే బండ తలుపు తీస్తదా?"

"ఈడ వద్దు పెద్దయ్యా. ఎడమ పక్క డొల్ల ఉన్నది. జర ఇవతలికి జరుపు."

"మా తాతల కాలం సంది పడని బండ, నువ్వొచ్చినవని పడ్తదా?"

తాత గొణుక్కుంటూ పొయ్యి జరిపాడు. మాతోపాటు చర్చి శిబిరానికి వచ్చిన నాన్నలు, పిల్లలు అందరూ నవ్వారు. నా దోస్తు రూబెన్ నా డొక్కలో పొడిచి, "మీ డాడీ బండతోటి ముచ్చట పెడ్తుండేందిరా?" అన్నాడు.

మా నాన్న రోజూ బొగ్గుగనిలోకి అందరికంటే ముందు పోతాడనీ, పైకప్పును కొట్టి, విని, ఆయన 'సరే' అన్నాకే మిగతావాళ్లు దాని కింద అడుగు పెడతారనీ చెప్పాల్సింది. చెప్పలేదు. అమ్మా, నేను కూడా నవ్వాను.

ఇంకొకటి కూడా దాచాను. ఇవాళ సాయంత్రం ప్రతి నాన్నా తన కొడుకు తలమీద చెయ్యి పెట్టి, అందరి ముందూ నోరారా దీవించాలి. ఈ సంగతి మన చర్చి అయ్యగారు పోయిన ఆదివారమే చెప్పారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. వ్యాసరచనలో జిల్లా మొదటి బహుమతి తెచ్చి చూపిస్తే, నాన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి "తిన్నవా?" అన్నాడు, గుర్తుందా? అలాంటి మనిషి అంతమందిలో ఏం మాట్లాడతాడు? అందుకే నచ్చిన మాటలు రాసుకునే నా నోటుబుక్కులోంచి మంచి మంచివి ఏరి, 'ఫలభరిత వృక్షమువలె వర్ధిల్లుము' లాంటి ఎనిమిది వాక్యాలు పెద్ద అక్షరాలతో రాసి, నిన్న బస్సులో నాన్న చొక్కా జేబులో పెట్టాను. నాన్న చదివాడు. కిటికీలోంచి బయటికి చూశాడు.

నన్ను దీవించడానికి మా నాన్న దగ్గర మాటలు లేవని, నా దీవెన నేనే రాసుకున్నాను. ఈ వాక్యం రాసేటప్పుడు పెన్ను ఆగిపోయింది.

ఫోన్లన్నీ అయ్యగారు గోనెసంచిలో వేసి మూతి కట్టేశారు. కూరగాయలకు దమ్మపేట పోయే తాత చేతికి, పోస్టులో వేయమని ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నీ
జానీ


అదే శనివారం, పొద్దుగూకే వేళ

అమ్మా, నా అమ్మా,

పొద్దుటి ఉత్తరం ముందు అందితే దాచిపెట్టు, దీంతో కలిపి మళ్లీ చదువు!

ముందుగా రూబెన్ వాళ్ల నాన్న శ్రీశైలం సారు దీవించారు. ఆయన బడిలో పంతులు కదా, మాటలు వాగులా పారాయి. తర్వాత అయ్యగారు నాన్నను పిలిచారు. నాన్న జేబులోంచి నా కాగితం తీసి, విప్పి, మళ్లీ మడిచి జేబులోనే పెట్టుకున్నాడు.

"మా వాడు మంచిగ రాసిచ్చిండు. గానీ ఇది వాని మాట. నాకు మాట రాదు, వినుడు వస్తది. జర సప్పుడు చేయకుర్రి."

నాన్న నా వెనక మోకాళ్లమీద కూర్చుని, వేలి కణుపుతో నా వీపుమీద కొట్టాడు. టక్. చెవి ఆనించాడు. కొంచెం పక్కన మళ్లీ కొట్టాడు. ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న పట్టించుకోలేదు.

"ఇరవై రెండేండ్ల సంది కప్పు కొట్టి ఇంటున్న. గట్టిదైతే గంట లెక్క పలుకుతది. డొల్లదైతే డప్పు లెక్క మోగుతది. వీడు దినాం మాటలు పోగేస్తుంటే నాకు ఒకటే భయముండె, లోపట డొల్ల ఉన్నదేమోనని. లేదు. ముసలితనంల నేను, వాళ్లమ్మ వీని కింద నిమ్మళంగ నిలబడొచ్చు. దేవా, ఈ కప్పును గిట్లనే నిలబెట్టు. ఆమేన్."

నాకు చెవులు గింగురుమన్నాయి. అయ్యగారు 'ఆమేన్' అనడం కూడా మరిచి కళ్లజోడు తుడుచుకున్నారు. అప్పుడు శ్రీశైలం సారు లేచి, రూబెన్ రెక్క పట్టుకొచ్చి, "జంపన్నా, మావాణ్ని గూడ ఒకసారి కొట్టి చూడవా?" అన్నారు. అంతే! పద్దెనిమిది మంది పిల్లలూ వీపులు చూపిస్తూ వరసకట్టారు. నాన్న ఒక్కొక్కరినీ కొట్టి, విని, "అవ్, గట్టిగున్నడు" అంటుంటే తోటంతా చప్పట్లు. చివరికి లచ్చయ్య తాత కూడా వచ్చి వీపు పెట్టాడు. "పెద్దయ్యా, నీది ఎడమ పక్క జర డొల్ల" అన్నాడు నాన్న. తాతే అందరికంటే గట్టిగా నవ్వాడు.

తర్వాత నాన్న పక్కన కూర్చుని, పొద్దున నేను కూడా నవ్వానని చెప్పేశాను.

"పొద్దున్నే ఇన్న" అన్నాడు. "తిన్నవా?"

ఆ మాట నా నోటుబుక్కులో ఇన్నాళ్లూ ఎందుకు రాసుకోలేదో! ఇవాళ రాసుకున్నాను, మొదటి పేజీలో. కాగితం తిరిగి ఇమ్మంటే మాత్రం ఇవ్వలేదు. జేబు మీద చెయ్యి వేసుకుని, "ఇది నాది" అన్నాడు.

రేపు ఆరాధనకు ముందు, పొద్దు పొడవగానే, పిల్లలందరం తలా ఒక కర్ర తెచ్చుకుని వాగు ఒడ్డుకు పోతున్నాం. కిందికి పోకుండా, పక్కన నిలబడి ఆ బండను ఎలా కొట్టి వినాలో నాన్న నేర్పిస్తాడట. అందరికంటే ముందు నేను లేవాలి.

జంపయ్య కొడుకు,
జానీ