తాత పెట్టని ముద్దు

నౌబాద్, బీదర్
18 నవంబర్ 2024, సోమవారం

ప్రియమైన బిడ్డ సుజనకు,

అమ్మ దీవించి రాసేది. దేవుని కృప వల్ల నేను, మీ నాయన ఇక్కడ క్షేమం. జహీరాబాదులో నువ్వు, అల్లుడు స్టాన్లీ, చిట్టితల్లి లీయా చల్లగా ఉండాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను. నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి జొన్నపిండి సంచిలో ఈ ఉత్తరం పెట్టి బస్సులో పంపిస్తున్నాను. పిండి కోసమైనా సంచి విప్పుతావు కదా.

లీయా బాప్తిస్మం నాడు అన్నం కూడా తినకుండా బిడ్డనెత్తుకుని బస్సెక్కావు. క్రిస్మస్‌కు కూడా రానని మీ పెద్దమ్మతో అన్నావట. ఆడపిల్ల పుట్టిందని నాయన మొహం తిప్పుకున్నాడని, లీయాను ఒక్కసారైనా ముద్దు పెట్టుకోలేదని, మనసులో అంత కోపం ఉండబట్టే ప్రభువు బల్ల దగ్గరికి రాలేదని చెప్పావట. పగ ఉన్నవాడు బల్లకు రాకూడదని మన సంఘంలో పిల్లలకు కూడా తెలుసు. ఆయన బెంచీ మీదనే కూర్చుండిపోతే నువ్వే కాదు, చర్చి అంతా అలాగే అనుకుంది.

మీ నాయన చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇక నా వల్ల కాదు. ఆయన మూతి మీద అప్పుడప్పుడు లేచే పొక్కులు నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. ఎండకు వస్తాయని చెప్పేవాళ్లం. అది హెర్పిస్ అట. నువ్వు కడుపుతో ఉన్నప్పుడు ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. చాలామందికి చిన్నతనంలో పెద్దవాళ్ల ముద్దులతోనే అంటుకుంటుందట. ఒంట్లోంచి పూర్తిగా పోదట. తప్పు చేసినవాళ్లకు వచ్చేదేమీ కాదట. కానీ పసిగుడ్డుకు అంటితే ప్రాణం మీదికి వస్తుందని ఆమె అన్న మాట మీ నాయనను పట్టుకుంది. బల్ల దగ్గర ద్రాక్షరసం అందరం ఒకే పాత్రలో తాగుతాం కదా, పొక్కుల మూతితో దాన్నెట్లా తాకుతాడు? రోగం పేరు బయటపడితే సంఘంలో ఏమనుకుంటారోనని ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

ఒళ్లు బాగా అలసినా, దిగులు పడినా అవి లేస్తాయట. రోజూ నెమ్మదిగా నడిచి, కంటినిండా నిద్రపోతే కొందరికి రావడం తగ్గుతుందని డాక్టరమ్మ అంది. నిదానమే ప్రధానమన్న మాట మీ నాయన తలకెప్పుడు ఎక్కింది కనుక? "నడిస్తెనే తగ్గుతదంటె, ఉరికితె ఇంక జల్ది తగ్గదా?" అన్నాడు నాతో. బాప్తిస్మం నాటికి మూతి శుభ్రంగా ఉండాలి, లీయాను తానే ఎత్తి పాస్టరుగారి చేతికి ఇవ్వాలి. అదొక్కటే పంతం. పోలీసు ఉద్యోగాల కోసం మైదానంలో పరుగులు తీసే పడుచువాళ్ల వెంట పడి ఉరికాడు. ఈ వయసులో వద్దని నేను మొత్తుకుంటే విన్నాడా? ఒళ్లు హూనమై, సరిగ్గా ఆ వారమే జ్వరం, జ్వరంతో పాటే పొక్కులు. ఆ ఆదివారం మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నది అందుకే. నువ్వు బిడ్డను అందిస్తే వెనక్కి జరిగినదీ అందుకే.

ఇప్పుడు బుద్ధి వచ్చింది. పొద్దున్నే చల్లపూట మెల్లగా నడిచి, ఆయాసం రాకముందే ఇల్లు చేరుతున్నాడు. పొక్కులు మానాయి. మానినా సరే, లీయా పెద్దదయ్యేదాకా ముద్దు పెట్టనంటున్నాడు. దాని పాదాలు పట్టుకోనిస్తే చాలట. నిన్న నడిచి వచ్చి, చెప్పులు విప్పుతూ, "బిడ్డ వస్తదంటవా?" అని అడిగాడు. ఆయన దిగులు నీతో చెప్పలేక, నీ కోపం ఆయనతో చెప్పలేక నేను అలసిపోయాను సుజనా. క్రిస్మస్‌కు బిడ్డను తీసుకుని రా.

అల్లుడికి వందనాలు చెప్పు. పిండిని ఒకసారి జల్లించుకో.

మీ మేలు కోరే అమ్మ,
కృపమ్మ

తా.క.: ఇది రాయకూడదనే అనుకున్నాను. ఆ పొక్కులు నాకూ ఉన్నాయి. డాక్టరమ్మ నన్నూ నడవమంది. పొద్దంతా ఇంట్లో తిరిగేది నడక కాదా అని అడిగితే, అది నడక కాదమ్మా, అలసట అంది. నీ పురుటి రోజులన్నీ నీళ్లు కాచి, పత్యం వండి, గుడ్డలు ఉతికి పడుకుంటే, తెల్లారేసరికి మళ్లీ మూతి మండేది. మూతికి గుడ్డ కట్టుకునే లీయాకు నీళ్లు పోశాను. నాకు దుమ్ము పడదేమో అనుకున్నావు. బాప్తిస్మం నాడు నేనూ బల్లకు రాలేదు. నువ్వు వెళ్లి వచ్చేదాకా నీ బిడ్డనెత్తుకుని చర్చి వాకిట్లో నిలబడ్డాను. తాత ముద్దు పెట్టుకోలేదని ఊరంతా చెప్పావు. నేనూ ఒక్కసారి పెట్టుకోలేదు బిడ్డా. నువ్వు చూడనే లేదు.