ఎదురుగా తినని ఇల్లు

తిరుపతి,
గురువారం

ప్రియమైన మామకు,

పాప పక్కనుండగా ఫోన్లో దాని తిండి మాట ఎత్తొద్దని తినడం నేర్పించే థెరపీ చేసే జెస్సీ మేడమ్ గట్టిగా చెప్పింది. నాలుగేళ్ల పిల్లకు అన్నీ అర్థమవుతాయట. లోహిత నా కొంగు వదిలితే కదా నీతో మాట్లాడేది! అందుకే నువ్వు వంటచేసే మెస్సుకు కూరగాయలు తోలే రాజారత్నం అన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నిన్న ఆస్పత్రిలో మేడమ్ అడిగింది. "మీరంతా తినేటప్పుడు పాప యాడ కూర్చుంటాది?" దాని ముందు మనం ఎప్పుడు తిన్నాం మామా? కడుపుకు పెట్టిన గొట్టంలో పాలు పోయించుకునే బిడ్డ ఎదుట నమిలితే పాపమని మీ అమ్మ ఇక్కడున్నన్నాళ్లూ వంటింటి తలుపు మూసేది. నేను గోడవైపు తిరిగి మింగేదాన్ని. నువ్వు మెస్సులోనే తిని వచ్చేవాడివి. పుట్టుకతో మూసుకుపోయిన అన్నవాహిక ఆపరేషన్‌తో బాగైనా ముద్ద పెడితే ఉమ్మేస్తోందని ఏడ్చాం. మనిషి నమలడం చూడని పిల్లకు నమలడం ఎట్లా వస్తుంది?

ఇకమీదట దాని ఎదుటే తినాలట. తినమని అడగకూడదట. వేరే ఏది దగ్గరికి తెచ్చినా దానికి వాంతి వస్తోంది. మెత్తటి అన్నం మాత్రం వేళ్లతో నలుపుతోంది. కాబట్టి అన్నమే తిని చూపించమంది. నేను తింటుంటే నన్ను చూడదు. "నాయన యాడ?" అంటుంది. ఆదివారం వచ్చి దాని ఎదురుగా కడుపునిండా అన్నం తిను. ఉలవచారు కాచి పెడతాను.

నీ ప్రసన్న

ఏర్పేడు,
శనివారం

ప్రసన్నకు,

నీకూ నా బంగారుతల్లికీ ముద్దులు. రేపు రాలేను. మెస్సులో పని ఎక్కువగా ఉంది, తోటి వంటమనిషికి జ్వరం. అమ్మను పంపిస్తాను, ఆమె తిని చూపిస్తుంది. గంజి వారుస్తున్నంతసేపూ పాప ధ్యాసే. దాన్ని ఎత్తుకోక చేతులు వెలితిగా ఉన్నాయి.

నీ శేఖర్

తిరుపతి,
సోమవారం

మామకు,

పోయిన ఆదివారమూ రాలేదు, నిన్నా రాలేదు. ఏర్పేడు ఏమన్నా ఏడు సముద్రాల అవతల ఉందా? వారం తప్పకుండా వచ్చేవాడివి, అన్నం తినమన్నప్పటి నుంచి మొహం చాటేశావు. అత్త వచ్చి తింటే పాప దుప్పటి ముసుగేసుకుంది. నిన్న పొద్దున్నుంచి గడప మీదే కూర్చుంది. ఆటో చప్పుడైతే చాలు, లేచి నిలబడింది. దానికేం చెప్పమంటావు? నాకూ నిన్ను చూడాలనుంది. ఏం దాస్తున్నావో రాయి.

ప్రసన్న

ఏర్పేడు,
బుధవారం

ప్రసన్నా,

కోప్పడకుండా చదువు. పాపను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయిన రోజు నేను అలిపిరి దాకా నడిచిపోయాను, గుర్తుందా? అక్కడ స్వామికి మొక్కుకున్నాను. నా బిడ్డ నోటితో అన్నం తినేదాకా నేను అన్నం ముట్టనని. నూకలు వేయని రాగిముద్ద, చపాతీ, వీటితోనే గడుపుతున్నాను. నువ్వు వడ్డించబోయిన ప్రతిసారీ మెస్సులో తిన్నానని అబద్ధమాడాను. ఊరందరికీ అన్నం వండుతూ మెతుకు ముట్టకపోవడం నాకు కష్టమే కాలేదు.

రాగిముద్ద తిని చూపిస్తే చాలదా అనుకున్నాను. పాప తాకేది అన్నమేనని రాశావు. మొక్కు తప్పితే ఆ దోషం దానికి తగులుతుందేమో! నాకు భయంగా ఉంది ప్రసన్నా.

శేఖర్

తిరుపతి,
శుక్రవారం

నా పిచ్చి మామకు,

ఎంత ఏడ్చానో నీకు తెలియదు. ఒక్కడివే ఇంత మోశావా! నువ్వు మొక్కింది బిడ్డ తినాలని. బిడ్డ తినాలంటే నువ్వు తినాలి. ఆ మాత్రం స్వామికి తెలియదా? దోషమంటూ ఉంటే నాకే తగలనీ. ఆదివారం రా.

నీ ప్రసన్న

తిరుపతి,
బుధవారం

ప్రియమైన మామకు,

ఆదివారం నువ్వు తిన్న తీరు నా కళ్లలోంచి పోలేదు. ముద్ద కలుపుతావు, నోట్లో పెట్టుకుంటావు, కళ్లు తుడుచుకుంటావు. పాప రెప్ప వేయకుండా చూసింది గానీ ఒక్క మెతుకూ ముట్టలేదు. "రెంటికీ చెడ్డ రేవడినైనాను మే" అని తల వంచుకుని బస్సెక్కావు.

ఇవాళ మధ్యాహ్నం నేను అన్నం పెట్టుకున్నాను. పాప వచ్చి, నువ్వు కూర్చున్న చోటే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఖాళీ నోరు నమిలింది, అరచేత్తో కళ్లు తుడుచుకుంది. మళ్లీ నమిలింది, మళ్లీ తుడుచుకుంది. నేను ఏమీ చూడనట్టు నా అన్నం నేను తింటున్నాను. నా పళ్లెంలోంచి నాలుగు మెతుకులు తీసుకుని నోట్లో వేసుకుంది మామా! మొహం వంకర పెట్టి, నమిలి, మింగింది. మింగి, శ్రద్ధగా కళ్లు తుడుచుకుంది. "నాయన మాదిరి" అంది.

గొట్టం ఇప్పుడే తీయరు, ఇంకా చాలా నెలలు పడుతుందని మేడమ్ అంది. పట్టనీ.

అన్నం తినడమంటే మధ్య మధ్యలో కళ్లు తుడుచుకోవడమని మన పిల్ల నేర్చుకుంది. ఆదివారం తొందరగా వచ్చి, ఈసారి నవ్వుతూ తిను.

నీ దారి చూస్తూ,
ప్రసన్న